ఆడపిల్లకు అరుదైన పేరు పెట్టడం ఎలా: వెతుకులాట నుంచి జనన ధ్రువపత్రం దాకా

“మా పాపకు ఎవరూ పెట్టని పేరు చెప్పండి” అని అడిగేవారికి వంద పేర్ల జాబితా ఇస్తే పని తీరదు. ఆ జాబితా మరో వెయ్యి మంది తల్లిదండ్రుల చేతిలోనూ ఉంటుంది. అందుకే ఇక్కడ పేర్లకంటే పద్ధతి ఎక్కువగా చెబుతున్నాను. ఉదాహరణల్లో ఏదైనా పేరు నచ్చితే నిరభ్యంతరంగా తీసుకోండి. అయితే దాన్ని కూడా కింది పరీక్షలన్నిటికీ పెట్టండి.

అరుదుగా వినిపించే పేర్లు మూడు రకాలు. ఒకప్పుడు ఉండి ఇప్పుడు వాడుక తగ్గినవి మొదటి రకం. అందరికీ తెలిసిన మాటే అయినా పేరుగా ఎవరూ అంతగా పెట్టనివి రెండో రకం. చెవికి ఇంపుగా ఉన్నాయని అక్షరాలను ఇటూ అటూ కూర్చి, తర్వాత ఒక అర్థం తగిలించినవి మూడో రకం. మొదటి రెండిటిలోనే వెతకమని నా గట్టి సలహా. పాప పెద్దయ్యాక “నా పేరుకు అర్థమేమిటి?” అని అడిగితే చూపించడానికి నిఘంటువులోనో, కావ్యంలోనో, శాసనంలోనో ఒక ఆధారం ఉండాలి.

## 1. ఇంట్లో ముందే తేల్చుకోవలసినవి

ఏడో నెలలోనే మొదలుపెట్టండి. బారసాల పదకొండో రోజునో ఇరవై ఒకటో రోజునో ఉంటుంది. కాన్పు తర్వాతి రోజుల్లో తల్లికి నిద్రే కరువు, తండ్రికి ఆస్పత్రి చుట్టూ తిరగడమే సరిపోతుంది. పేరు గురించి నిదానంగా ఆలోచించే తీరిక అప్పుడు ఎవరికీ ఉండదు.

భార్యాభర్తలు విడివిడిగా ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకుని, తర్వాత పోల్చి చూసుకోండి.

- నక్షత్రాక్షరం తప్పనిసరా, కుదిరితే మంచిదా, అక్కరలేదా?
- ఇలవేల్పు పేరో, నానమ్మ, అమ్మమ్మల పేరో కలపాలా?
- పాప ఏ ఊళ్లో, ఏ భాషల మధ్య పెరగబోతోంది?
- పేరు తెలుగులో ఎన్ని అక్షరాలు దాటకూడదు?
- చివరి మాట ఎవరిది?

గొడవలన్నీ ఆఖరి ప్రశ్న దగ్గరే వస్తాయి. మేనత్త ఒక పేరు, తాతగారు ఒక పేరు, పిన్ని ఇంకో పేరు చెబుతారు. సలహాలు అందరి దగ్గరా తీసుకోండి, రాసుకోండి. ఎంపిక మాత్రం తల్లిదండ్రులదేనని ముందుగానే మర్యాదగా చెప్పేయండి. బారసాల ముందురోజు రాత్రి చెబితే మనసులు నొచ్చుకుంటాయి.

పెద్దల పట్టుదల, మీ ఇష్టం ఎంతకూ కలవకపోతే రెండు పేర్ల పద్ధతి ఉండనే ఉంది. పూజలో, సంకల్పంలో చెప్పుకోవడానికి ఒక పేరు, బడికీ కాగితాలకూ ఒక పేరు. చాలా ఇళ్లలో ఎప్పటినుంచో నడుస్తున్న ఏర్పాటే ఇది.

## 2. నక్షత్రాక్షరం పాటించేవారికి

పాటించనివారు, క్రైస్తవ, ముస్లిం కుటుంబాలవారు ఈ భాగం వదిలి నేరుగా 3కు వెళ్లవచ్చు.

నక్షత్రాలు 27, ఒక్కోదానికి 4 పాదాలు, మొత్తం 108 అక్షరాలు. పాదం సుమారు ఆరు గంటలకు మారుతుంది. పుట్టిన సమయాన్ని ఆస్పత్రి కాగితంలో చూసి నిమిషాలతో సహా రాసుకోండి. “తెల్లవారుజామున” అంటే పంచాంగానికి సరిపోదు.

కొన్ని అక్షరాలకు పేర్లు కుప్పలుగా దొరుకుతాయి. మఖకు మా, మీ, మూ, మే. అనూరాధకు నా, నీ, నూ, నే. కొన్నిటికి వెతుక్కోవాలి. ఇబ్బంది పెట్టే అక్షరమే అరుదైన పేరు దగ్గరికి దారి తీస్తుంది.

- అశ్విని మొదటి పాదం, చూ: చూడామణి
- కృత్తిక రెండో పాదం, ఈ: ఈప్సిత (కోరుకున్నది)
- ఆర్ద్ర నాలుగో పాదం, ఛ: ఛాయ
- ఉత్తరాభాద్ర రెండో పాదం, శం: శంప (మెరుపు)
- ఉత్తరాభాద్ర మూడో పాదం, ఝ: ఝరి

ఆర్ద్ర మూడో పాదానికి ఙ, హస్త మూడో పాదానికి ణ వస్తాయి. వాటితో మొదలయ్యే పేరు దొరకదు. దగ్గరి అక్షరం ఏది తీసుకోవచ్చో మీ పురోహితుణ్ణి అడగండి, లేదా పైన చెప్పిన రెండు పేర్ల పద్ధతి పాటించండి. అక్షరం కుదిరిందన్న ఒక్క కారణంతో అర్థం లేని పేరు పెట్టకండి.

## 3. ఎక్కడ వెతకాలి

మీ ఇంటి ఆడవాళ్ల పేర్లు. నా దృష్టిలో అన్నిటికంటే మంచి గని ఇదే. ఇంట్లో పెద్దవయసువారి పక్కన కూర్చుని మూడు నాలుగు తరాల వెనకటి ఆడవాళ్ల పేర్లన్నీ చెప్పించుకోండి. అలివేలు, తాయారు, మాణిక్యం, చూడామణి వంటివి వరసగా బయటికి వస్తాయి. పేరుతోపాటు ఆమె ఎలాంటి మనిషో కూడా రాసుకోండి. తాయారు అంటే తమిళంలో అమ్మ. వైష్ణవ ఆలయాల్లో అమ్మవారిని అలాగే పిలుస్తారు. అలివేలు వెనక ఉన్నది అలమేలుమంగ, అంటే పువ్వు మీద కొలువైన తల్లి. పాత పేరు మరీ బరువుగా అనిపిస్తే అందులోని ఒక మాట తీసుకోవచ్చు. కనకవల్లిలోంచి వల్లి, రత్నమాలలోంచి మాల.

అచ్చ తెలుగు మాటలు. వెన్నెల ఇప్పటికే బాగా వాడుకలోకి వచ్చింది. పుడమి, వేకువ, తొలకరి, కిన్నెర, తెమ్మెర, తెలంగాణలో ఇంద్రధనుస్సును పిలిచే సింగిడి ఇంకా అరుదుగానే వినిపిస్తాయి. వీటి అర్థం ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. ఒక్కటి మాత్రం గమనించండి. నెలవంక అందమైన మాటే, కానీ బడిలో పిల్లలు దాన్ని కుదించి ‘వంక’ చేస్తారు. మాటను రెండుగా విరిచి, ఏ ముక్క మిగిలినా ఇబ్బంది లేదనిపిస్తేనే ముందుకు వెళ్లండి.

నదులు. పాప పుట్టిన ఊరికీ మీ సొంత ఊరికీ ముడిపడిన నది అయితే పేరు వెనక ఒక కథ కూడా ఉంటుంది. మెదక్ వైపు వారికి మంజీర (కాలి అందె అని అర్థం), కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలిసే ప్రాణహిత, నెల్లూరు వారికి పెన్నకు మరో పేరైన పినాకిని, అనంతపురం వైపు వారికి చిత్రావతి, శ్రీకాకుళం వారికి నాగావళి. నది పేరు కదా అని కళ్లు మూసుకుని పెట్టకూడదు. భీమిలి దగ్గర సముద్రంలో కలిసే గోస్తని వినడానికి బాగుంటుంది, అర్థం మాత్రం ఆవు పొదుగు.

శాసనాలు. ఇటు ఎవరూ అంతగా చూడరు, అందుకే ఇక్కడ దొరికే పేర్లు నిజంగా అరుదు. నానేఘాట్ శాసనంలోని శాతవాహన రాణి నాగానిక. నాసిక్ శాసనంలో కనిపించే, గౌతమీపుత్ర శాతకర్ణి తల్లి బాలశ్రీ. నాగార్జునకొండ శాసనాల్లో దానాలు చేసిన స్త్రీలుగా కనిపించే చాంతిసిరి, బోధిసిరి. ప్రాకృతంలోని సిరిని శ్రీ చేస్తే శాంతిశ్రీ, బోధిశ్రీ అవుతాయి. రెండూ పదిహేడు వందల ఏళ్ల కిందటే ఈ నేల మీద ఉన్న పేర్లే.

వేదకాలపు స్త్రీలు, ప్రబంధ నాయికలు. ఋగ్వేదంలో లోపాముద్ర, అపాల, విశ్వవార ఉన్నారు. మన ప్రబంధాల్లో వరూధిని, గిరిక, కలభాషిణి, మధురలాలస ఉన్నారు. పేరు తీసుకునే ముందు ఆమె కథ చదవండి. ప్రవరుడు కాదన్న వరూధిని కథ తెలిసిన తాతగారు బారసాల పీటల మీద అడ్డు చెబితే మీ దగ్గర జవాబు ఉండాలి.

రాగాలు, పువ్వులు. సంగీతం ఉన్న ఇంట్లో నళినకాంతి, చారుకేశి, శ్రీరంజని, ఆభేరి. పువ్వుల్లో పొగడకు వకుళ, మొగలికి కేతకి, కలువకు కువలయ.

అమ్మవారి నామాలు. ‘సాటిలేనిది’ అనే అర్థం కోసం చాలామంది తంటాలు పడతారు. లలితా సహస్రనామంలో నిస్తుల అన్న నామం సరిగ్గా ఆ అర్థంతోనే ఉంది. తేజోవతి కూడా అక్కడిదే.

ఈ వెతుకులాట ముగిసేసరికి కాగితం మీద పదిహేను, ఇరవై పేర్లు ఉంటే చాలు.

## 4. అర్థం నిర్ధారించుకోవడం

అన్ని అంచెల్లోనూ దీనికే ఎక్కువ సమయం ఇవ్వండి. పేర్ల వెబ్‌సైట్లలో, యాప్‌లలో రాసే అర్థాలను ఎవరూ సరిచూడరు. ఒకరు రాసింది ఇంకొకరు ఎత్తి రాసుకుంటారు. పది చోట్ల ఒకే అర్థం కనిపించినంత మాత్రాన అది నిజమైపోదు.

చూడవలసిన క్రమం ఇది.

1. పేరును ముందు తెలుగు లిపిలో రాయండి. హ్రస్వమా దీర్ఘమా, శ, ష, సల్లో ఏది, త, థల్లో ఏది అని తేల్చుకోండి. ఒక్క దీర్ఘం అర్థాన్ని తలకిందులు చేస్తుంది.
2. ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో వెతకండి. శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు, బ్రౌన్ నిఘంటువు వంటివన్నీ అక్కడ ఒకే చోట దొరుకుతాయి.
3. సంస్కృత పదమైతే మోనియర్ విలియమ్స్ లేదా ఆప్టే నిఘంటువు చూడండి. రెండూ ఇంటర్నెట్‌లో ఉచితం.
4. మొదటి అర్థంతో ఆగకుండా అన్ని అర్థాలూ చదవండి.
5. ‘లక్ష్మీదేవికి మరో పేరు’, ‘పార్వతి పేరు’ అని రాసి ఉంటే అష్టోత్తరమో సహస్రనామమో తెరిచి అందులో ఆ నామం ఉందో లేదో స్వయంగా చూడండి.
6. నిఘంటువు అర్థం ఎంత బాగున్నా, ఇప్పటి వాడుకలో ఆ మాటను జనం ఏ అర్థంలో అంటున్నారో ఆలోచించండి.

ఈ క్రమం ఎందుకో కొన్ని పేర్లతో చూడండి.

- అలక: సంస్కృతంలో ముంగురులు, దీర్ఘాంతమైతే కుబేరుడి పట్టణం. తెలుగు ఇంట్లో మాత్రం అలక అంటే అలకే. పాప మూతి ముడిచిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆ మాట అంటారు.
- అలీక: పేర్ల జాబితాల్లో కనిపిస్తుంది. నిఘంటువులో అర్థం అబద్ధం.
- ఆర్తి: దేవుడికిచ్చే హారతి అనుకుని పెడతారు. ఆర్తి అంటే బాధ. మీకు కావలసింది ఆరతి.
- త్రిష: సంస్కృత రూపం తృష. అంటే దప్పిక.
- ఘోష: ఋగ్వేద మంత్రాలు చెప్పిన స్త్రీ పేరు, గొప్ప పేరే. తెలుగులో ‘ఏమిటీ ఘోష’ అన్నప్పుడు వచ్చే అర్థం వేరు.
- కియారా: ఇటలీ పేరు, స్పష్టమైన, కాంతివంతమైన అని అర్థం. నచ్చితే పెట్టుకోవచ్చు. దానికి సంస్కృత మూలం అంటగట్టడమే తప్పు.

విదేశాల్లో ఉన్నవారు ఇంకో పరీక్ష చేయాలి. అక్కడి భాషలో ఆ పేరు వింటే, చదివితే ఏమనిపిస్తుంది? హర్షిత, అక్షిత వంటి ‘షిత’తో ముగిసే పేర్లు ఇక్కడ ఎంతో చక్కనివి. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే మధ్యలో ఒక బూతుమాట తేలుతుంది, అక్కడి బడిపిల్లలు దాన్ని పట్టుకుని వదలరు. అక్కడ పుట్టి పెరిగిన ఒకరిద్దరికి జాబితా చూపించి, మొహమాటపడకుండా చెప్పమనండి.

ఈ వడపోత తర్వాత ఐదారు పేర్లు మిగులుతాయి.

## 5. నోటి పరీక్ష

పేరు ఎక్కువగా బతికేది నోట్లోనే. మిగిలిన పేర్లతో ఒక వారం ఇలా చేయండి.

- [ ] వంటింట్లోంచి వీధి గుమ్మానికి వినిపించేలా గట్టిగా పిలవండి. తెలుగులో పిలుపుకు చివర దీర్ఘం వస్తుంది: మంజీరా, పుడమీ, కిన్నెరా. అది సాఫీగా సాగాలి.
- [ ] ఇంట్లో పెద్దావిడ చేత, చిన్నపిల్లవాడి చేత పలికించండి. ఇద్దరూ తడబడితే పక్కన పెట్టండి.
- [ ] ఫోన్లో తెలియనివారికి ఒకసారి చెప్పండి. రెండోసారి చెబితే అందితే సరే. నాలుగోసారి కూడా అక్షరం అక్షరం చెప్పవలసి వస్తే ఆ కష్టం పాపకు జీవితాంతం ఉంటుంది.
- [ ] “నిస్తుల అక్కా”, “డాక్టర్ నిస్తుల గారు” అని అనుకుని చూడండి. ఉయ్యాలలో ముద్దొచ్చే పేరు నలభై ఏళ్ల మనిషికీ నప్పాలి.
- [ ] కుదించి పిలిస్తే ఏమవుతుందో చూడండి. ముద్దుపేరు మీరు పెట్టకపోతే బడి పెడుతుంది.
- [ ] తోబుట్టువు ఉంటే ఇద్దరి పేర్లూ కలిపి పిలవండి. మరీ దగ్గరగా ఉంటే పిలిచినప్పుడల్లా ఇద్దరూ పలుకుతారు.

ఋ ఉన్న పేర్లకు ఒక హెచ్చరిక. ఋత, హృద్య వంటివాటిని మనం ‘రు’ అంటాం, ఉత్తరాదివారు ‘రి’ అంటారు. రెండు పలుకుబడులూ మీకు సమ్మతమైతేనే పెట్టండి.

## 6. ఇంగ్లీషు స్పెల్లింగు

ఒకటే నియమం పెట్టుకోండి. తెలుగు తెలియనివారు చదివినా అసలు పలుకుకు దగ్గరగా రావాలి, అక్షరాలు వీలైనంత తక్కువగా ఉండాలి.

- త: దక్షిణాదిలో టీ తర్వాత హెచ్ చేర్చి రాస్తాం. హైదరాబాదులోనో విజయవాడలోనో పెరిగే పాపకు అదే మేలు, లేకపోతే ‘ట’ అని చదువుతారు. అమెరికాలో పెరిగే పాపకు హెచ్ వద్దు; అక్కడ దాన్ని ఇంకో ధ్వనిగా పలుకుతారు.
- ద, డ: ఇంగ్లీషులో రెండిటికీ ఒకే డి. పుడమిని ‘పుదమి’ అని చదివే అవకాశం ఉంది. సరిదిద్దే ఓపిక ఉందా అని ముందే అనుకోండి.
- దీర్ఘాలు: ప్రతి దీర్ఘానికీ రెండు ‘ఏ’లు పెట్టకండి. అది లేకపోతే పేరు మారిపోయే చోట మాత్రమే పెట్టండి.
- న్యూమరాలజీ: సంఖ్య కోసం ఒక అక్షరం అదనంగా చేర్చాలనుకుంటే జనన నమోదుకు ముందే చేర్చండి. ధ్రువపత్రంలో ఒకటి, ఆధార్‌లో ఒకటి, బడిలో ఒకటి ఉంటే పదో తరగతి పరీక్ష ఫీజు కట్టేనాటికి ఆఫీసుల చుట్టూ తిరగవలసి వస్తుంది.

ఖాయం చేసిన స్పెల్లింగును పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచుకోండి. ఇక నుంచి ఏ దరఖాస్తు నింపినా దాన్ని చూసే నింపండి.

## 7. ఇంటిపేరు, రెండు మాటల పేర్లు

మనం ఇంటిపేరు ముందు రాస్తాం, పాస్‌పోర్టులో దానికి విడిగా ఒక గడి ఉంటుంది. ఆ గడి సంగతి ఇప్పుడే తేల్చండి. పేరంతా ఇంటిపేరు గడిలో పడి అసలు పేరు గడి ఖాళీగా ఉంటే, అమెరికా వీసా మీద పేరు స్థానంలో ఎఫ్, ఎన్, యూ అనే మూడక్షరాలు అచ్చవుతాయి. ‘మొదటి పేరు తెలియదు’ అని వాటి అర్థం. అక్కడ బ్యాంకు నుంచి బడి దాకా అదే పేరుగా చలామణీ అవుతుంది.

బోధిశ్రీ వంటి పేరును విడదీయకుండా కలిపి రాయండి. మధ్యలో ఖాళీ వదిలితే రెండో ముక్క ఒక దరఖాస్తులో మధ్యపేరు అవుతుంది, ఇంకోదానిలో మాయమవుతుంది. ఇంటిపేరు పొడి అక్షరంగానా, పూర్తిగానా అన్నదీ మొదటి కాగితంలోనే నిర్ణయించండి. పూర్తిగా రాయించడమే మంచిది.

## 8. జనన నమోదు

జననాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. పేరు అప్పటికి తేలకపోయినా నమోదు ఆగదు. పేరు గడి ఖాళీగా ఉంచి జననం నమోదు చేయించవచ్చు. నమోదైన 12 నెలల లోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. ఆ తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ల వరకు వీలుంది.

ఆస్పత్రి నుంచి ఇంటికి పంపే హడావిడిలో సిబ్బంది పేరడిగితే, ఇంకా తేలని పేరు చెప్పకండి. తర్వాత మార్చడం కంటే ఖాళీ గడి నింపడం ఎంతో తేలిక.

2023 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ చట్టం ప్రకారం, ఆ తేదీన గానీ తర్వాత గానీ పుట్టినవారికి బడిలో చేరిక, ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు, ఓటర్ల జాబితా, వివాహ నమోదు, ప్రభుత్వ ఉద్యోగం వంటివాటన్నిటికీ పుట్టిన తేదీ, చోటులకు జనన ధ్రువపత్రమే ఆధారం. అందులోని ఒక్క అక్షరాన్ని కూడా తేలిగ్గా తీసుకోవద్దు.

క్రమం ఇలా ఉండాలి: ముందు జనన ధ్రువపత్రం, దాన్ని బట్టి ఐదేళ్ల లోపు పిల్లలకిచ్చే బాల ఆధార్, ఆ రెండిటినీ బట్టి పాస్‌పోర్టు, బడి.

## 9. తరచు ఎదురయ్యే చిక్కులు, పరిష్కారాలు

ఎంచుకున్న పేరు బంధువులు ముందే పెట్టేశారు. ఖాయమయ్యేదాకా పేరు బయటపెట్టకపోవడమే మందు. అప్పటికే జరిగిపోతే మీ జాబితాలో రెండో పేరుకు వెళ్లండి. అందుకే చివరిదాకా రెండు పేర్లు చేతిలో ఉంచుకోవాలి.

అరుదనుకున్న పేరు అంగన్‌వాడీలోనే ఇద్దరికి ఉంది. మీరు వెతికిన చోటే అందరూ వెతికారన్నమాట. ఎంపికకు ముందే దగ్గరి ప్రీస్కూల్లో పనిచేసే తెలిసినవారిని అడగండి. ఈ రెండు మూడేళ్లలో ఏ పేర్లు ఎక్కువగా వస్తున్నాయో వారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

పేరు కొత్తగా ఉందని పెద్దలు పలకడం లేదు. అర్థం చెప్పండి, కథ చెప్పండి. ‘నాగానిక’ అంటే ముఖం చిట్లించినవారే, ‘శాతవాహనుల రాణి పేరు’ అనగానే నలుగురికీ చెప్పుకుంటారు. అప్పటికీ నోరు తిరగకపోతే వాళ్లకు నచ్చిన ముద్దుపేరు వాళ్లనే పెట్టుకోనివ్వండి.

పేరు పెట్టాక తప్పుడు అర్థమని తెలిసింది. బడిలో చేర్చకముందైతే ఆలస్యం చేయకుండా మార్చేయండి. జనన నమోదు కార్యాలయంలోనో మీసేవలోనో దిద్దుబాటుకు ఏయే కాగితాలు కావాలో కనుక్కుని, ధ్రువపత్రం సరిచేశాకే ఆధార్ జోలికి వెళ్లండి. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం రెండుసార్లే ఇస్తారు. చిన్న చిన్న మార్పులకు దాన్ని ఖర్చు చేయకండి.

## 10. బారసాల ముందురోజు

- [ ] పేరు తెలుగు లిపిలో సరైన దీర్ఘాలతో రాసి పురోహితుడికి ముందే ఇచ్చారా? బియ్యంలో రాసేటప్పుడు గుర్తుమీద ఆధారపడవద్దు.
- [ ] అర్థం, అది దొరికిన చోటు ఒక కాగితం మీద రాసి పాప కాగితాల ఫైల్లో పెట్టారా?
- [ ] ఇంగ్లీషు స్పెల్లింగు ఫోటో ఇద్దరి ఫోన్లలోనూ ఉందా?
- [ ] ఇంటిపేరు పూర్తిగా రాయించాలని అనుకున్నారా?
- [ ] జనన నమోదు 21 రోజుల గడువు ఏ తేదీతో ముగుస్తుందో క్యాలెండర్‌లో గుర్తు పెట్టారా?
- [ ] నానమ్మ, అమ్మమ్మలకు పేరు ముందుగా చెప్పి రెండు మూడుసార్లు పలికించారా? నలుగురిలో మొదటిసారి పిలిచేది వాళ్లే.